యుద్ధంలో సంధులు, ఆంక్షలు – హైదరాబాదు రాజ్యం నేర్పిన పాఠం

గద్వాల ప్రాంతాన్ని ప్రజలు నడిగడ్డ అంటారు. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర; ఆ రెండు నదుల నడుమ ఉన్న నేల కనుక ఆ పేరు వచ్చింది. తుంగభద్ర దాటితే కర్నూలు. పూర్వం అలంపురం గుడులకు రాయి తోలే బండ్లు నది ఒడ్డున ఆగి ఇరుసులకు కందెన పెట్టుకునేవనీ, అందుకే ఆ ఊరు 'కందెనవోలు' అయిందనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ ఎంత నిజమైనా, ఆ నదికి ఇటూ అటూ బండ్లు నడవడం మాత్రం తరతరాలుగా ఉన్న సంగతే. ఆముదాలు, వేరుశనగ అటు పోయేవి. సముద్రపు ఉప్పు ఇటు వచ్చేది.

1947 ఆగస్టు తరువాత ఆ బండ్ల దారి రెండు ప్రభుత్వాల సరిహద్దుగా మారింది. ఇవతలి గట్టు నిజాం రాజ్యం, అవతలి గట్టు భారత యూనియన్. ఏడాది గడిచేసరికి యుద్ధం వచ్చింది. 'పోలీసు చర్య' అనగానే మన పెద్దలకు 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగిన అయిదు రోజులే గుర్తుకు వస్తాయి. కాని ఆ యుద్ధం ఫలితం అయిదు రోజులలో తేలినది కాదు. ఎవరు మిత్రులు, ఎవరు కారు, ఏ దారి తెరచి ఉన్నది, ఏ దారి మూసుకుపోయింది అన్న విషయాలు అంతకు చాలా ముందే తేలిపోయాయి. అందులో కొంత భాగం అంతకు 150 సంవత్సరాల ముందే తేలింది.

రేడియోలోనూ పత్రికలలోనూ ఏదో ఒక దేశంపై 'ఆంక్షలు' విధించారనీ, మరేదో కూటమి ఏర్పడిందనీ తరచు వింటూ ఉంటాము. యుద్ధంలో ఉన్న దేశంపై ఈ రెండూ ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి మనం దూరదేశాలకు పోనక్కరలేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలు కళ్లారా చూసిన చరిత్రే చాలును. ఆ చరిత్రను, దానిపై షరీయత్ చెప్పే మాటను పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆంక్ష ఎలా పనిచేస్తుంది?

ఒక రాజ్యం యుద్ధం సాగించాలంటే దానికి నాలుగు ద్వారాలు తెరచి ఉండాలి. మొదటిది ఆయుధాలు వచ్చే ద్వారం. రెండవది ప్రజలకు నిత్యావసరాలు వచ్చే ద్వారం. మూడవది డబ్బు కదిలే ద్వారం. నాలుగవది దారులు, అనగా రైలు, రేవు, విమానం. ఆంక్ష అంటే ఇతరులు ఈ ద్వారాలలో ఒకదానినో, అన్నింటినో మూయడం.

మూసిన మరునాడే రాజ్యం కూలదు. నిల్వలు కొంతకాలం వస్తాయి. తరువాత ధరలు పెరుగుతాయి, దొంగచాటు వ్యాపారం మొదలవుతుంది. ఉన్న సరుకును ముందు సైన్యానికీ, ప్రభుత్వానికి కావలసినవారికీ కేటాయిస్తారు. కనుక కొరత మొదట తగిలేది పేదవాని ఇంటికి, చివరకు తగిలేది పాలకుని వంటింటికి. అంతేకాదు, కొరత పెరిగినకొద్దీ సరుకును పంచే అధికారం ఎవరి చేతిలో ఉంటుందో వారి బలమూ పెరుగుతుంది. ఆంక్ష పాలకుణ్ణి బలహీనపరచడానికి పెట్టినదైనా, అది తరచు ప్రజలనే పాలకునికి మరింత లోబరుస్తుంది.

ఈ ద్వారాలను తెరిపించేదే సంధి. మిత్రుడు ఉన్నవానికి ఒక దారి మూసినా మరొక దారి ఉంటుంది. అయితే మిత్రుని విషయంలో మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అతడు మన దగ్గరకు చేరుకోగలడా? మనకు సాయపడితే అతనికి కలిగే నష్టం కంటే లాభం ఎక్కువా? అతడు మాట ఇచ్చి కట్టుబడి ఉన్నాడా, లేక మనమే అలా ఊహించుకుంటున్నామా? హైదరాబాదు కథ అంతా ఈ మూడు ప్రశ్నలలో ఇమిడి ఉన్నది.

సముద్రాన్ని పోగొట్టిన సంధులు

హైదరాబాదు రాజ్యం మొదటినుండీ సముద్రం లేని రాజ్యం కాదు. శ్రీకాకుళం నుండి గుంటూరు దాకా ఉన్న ఉత్తర సర్కారులు ఒకప్పుడు ఆసఫ్‌జాహీల ఏలుబడిలోనివే. మచిలీపట్నం రేవు వారిదే. 1759లో ఇంగ్లీషువారు మచిలీపట్నాన్ని ఫ్రెంచివారి నుండి పట్టుకోగా, సలాబత్ జంగ్ వారితో ఒడంబడిక చేసుకొని ఆ రేవును, చుట్టుపట్ల ప్రాంతాన్ని వారికి వదిలాడు. 1766 నవంబరులో నిజాం అలీఖాన్ ఉత్తర సర్కారులను కంపెనీకి అప్పగించే సంధి చేశాడు. అవసరమైనప్పుడు సైన్యం పంపుతామనీ, సాలీనా కొంత సొమ్ము చెల్లిస్తామనీ కంపెనీ మాట ఇచ్చింది. 1788లో గుంటూరు కూడా పోయింది. దానితో నిజాం రాజ్యానికి తీరం లేకుండా పోయింది.

ఈ సంధులు ఓడిన రాజు తలవంచి చేసినవి కావు. మరాఠాల భయం ఒకవైపు, మైసూరు భయం మరొకవైపు ఉండగా మిత్రుని కోసం చేసినవి. 1798 సెప్టెంబరులో సైన్య సహకార ఒప్పందం కుదిరింది. నిజాం తన ఫ్రెంచి సేనను రద్దు చేయాలి. కంపెనీ సైన్యాన్ని తన రాజధానిలో ఉంచుకోవాలి. దాని ఖర్చుకు సంవత్సరానికి 24 లక్షల పైచిలుకు రూపాయలు చెల్లించాలి. అక్టోబరులో ఫ్రెంచి అధికారుల కింద ఉన్న పటాలాల చేత ఆయుధాలు దింపించారు. ఒక మిత్రుణ్ణి సంపాదించుకోవడానికి మరొక మిత్రుణ్ణి వదులుకోవలసి వచ్చిందన్నమాట.

1800 అక్టోబరు 12న మరొక సంధి జరిగింది. మైసూరు యుద్ధాలలో నిజాంకు వాటాగా వచ్చిన భూములను ఆ సైన్యం ఖర్చు కింద కంపెనీకే ఇచ్చివేశారు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలకు 'దత్త మండలాలు' అన్న పేరు అలా వచ్చింది. కర్నూలు నవాబు చెల్లించే పేష్కషు మీద హక్కు కూడా కంపెనీకి పోయింది. 1839లో ఆ నవాబు రాజ్యమే పోయింది. సరిహద్దు తేటగా ఉండాలని తుంగభద్ర, కృష్ణా నదులను హద్దుగా నిర్ణయించారు. ఇతర రాజ్యాలతో నిజాం స్వతంత్రంగా సంప్రదింపులు జరపరాదన్న షరతు కూడా అందులో ఉన్నది.

గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత సంస్థానాల వారికి ఈ స్థితి తెలిసినదే. లోపల తమ ఏలుబడి తమది, పైన నిజాంకు పేష్కషు చెల్లించడం వారి పద్ధతి. 1800 తరువాత నిజాం కూడా కంపెనీ ముందు దాదాపు అదే స్థానానికి చేరాడు. పేరుకు మిత్రుడు, నిజానికి అధీనుడు.

1802లో కుదిరిన వర్తక సంధిలో ఒక ఊరట ఉన్నది. మచిలీపట్నం రేవును నిజాం స్వేచ్ఛగా వాడుకోవచ్చునని కంపెనీ ఒప్పుకున్నది. ఒకప్పుడు తన సొంతమైన రేవును వాడుకోవడానికి మరొకరి అనుమతి పత్రం కావలసి వచ్చింది. అనుమతి ఇచ్చినవాడు వెళ్లిపోయిన రోజున ఆ పత్రానికి విలువ ఏమున్నది?

'నమ్మకమైన మిత్రుడు'

నిజాం రాజులు తమ వైపు నుండి ఈ స్నేహాన్ని పూర్తిగా నిలుపుకున్నారు. 1857లో ఉత్తర భారతం అట్టుడికినప్పుడు హైదరాబాదు ప్రభుత్వం ఇంగ్లీషువారి పక్షాన నిలిచింది. 1914లో తుర్కీ ఖిలాఫత్ జర్మనీ పక్షాన యుద్ధంలో దిగి ముస్లిములను పిలిచినప్పుడు, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిషువారికే విధేయులుగా ఉండవలసిందని భారత ముస్లిములకు ప్రకటన జారీ చేశాడు. 1918లో ఆయన ధనంతో సమకూరిన యుద్ధ విమానాల దళానికి బ్రిటిషు వైమానిక సేనలో 'హైదరాబాదు' పేరు పెట్టారు. అదే సంవత్సరం ఆయనకు 'బ్రిటిషు ప్రభుత్వపు నమ్మకమైన మిత్రుడు' అన్న బిరుదు వచ్చింది.

1947లో ఆ మిత్రుడు వెళ్లిపోవడానికి సిద్ధమయ్యాడు. జూన్ నెలలో నిజాం తాను ఏ రాజ్యాంగ సభలోనూ చేరననీ, బ్రిటిషు అధికారం తొలగగానే స్వతంత్రుడనవుతాననీ ఫర్మానా వెలువరించాడు. తనకు డొమీనియన్ హోదా ఇవ్వవలసిందని కోరాడు. బ్రిటిషు ప్రభుత్వం అంగీకరించలేదు. 1948 జులై చివర లండను కామన్స్ సభలో చర్చిల్ హైదరాబాదు పక్షాన గట్టిగా మాట్లాడాడు. కాని ఆయన అప్పుడు ప్రతిపక్ష నాయకుడు. ప్రధాని అట్లీ ప్రభుత్వం జోక్యానికి పూనుకోలేదు. బిరుదు వచ్చి అప్పటికి 30 సంవత్సరాలు. భారత యూనియన్‌తో స్నేహం బ్రిటనుకు ఆనాడు ఎక్కువ అవసరం. మిత్రుని విషయంలో వేసుకోవలసిన రెండవ ప్రశ్నకు జవాబు ఇదే.

దిగ్బంధం

1947 నవంబరు 29న భారత యూనియన్‌కు, హైదరాబాదుకు మధ్య ఒక సంవత్సరం గడువుతో యథాతథ ఒప్పందం కుదిరింది. అంతకు ముందు బ్రిటిషువారితో ఉన్న ఏర్పాట్లు అలాగే కొనసాగాలని దాని సారాంశం. ఒప్పందంపై సిరా ఆరకముందే ఇరుపక్షాలూ ఒకరినొకరు నిందించుకోవడం మొదలుపెట్టారు.

హైదరాబాదు ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. ఒకటి బంగారం, వెండి వంటి లోహాలను బయటకు పంపడంపై నిషేధం. రెండవది భారత కరెన్సీ తన రాజ్యంలో చెల్లదని ప్రకటించడం. దీని అర్థం సరిహద్దు వాసులకు వెంటనే తెలుస్తుంది. నిజాం నాణెం 'హాలీ', బ్రిటిషు రూపాయి 'కల్దారు'. సుమారుగా 7 హాలీలకు 6 కల్దార్లు. గద్వాల వర్తకుడు కర్నూలులో సరుకు అమ్మితే చేతికి వచ్చేది కల్దారు. దానిని ఇంటికి తెచ్చుకొని చెలామణి చేయరాదంటే వ్యాపారం ఎలా సాగుతుంది? ఇది చాలదన్నట్లు భారత ప్రభుత్వ సెక్యూరిటీల రూపంలో పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చినట్లు బయటపడింది. కశ్మీరులో ఆ రెండు దేశాల సైన్యాలు తలపడుతున్న సమయమది. ఇది ఒప్పందాన్ని ఉల్లంఘించడమేనని భారత ప్రభుత్వం అన్నది.

హైదరాబాదు ఫిర్యాదు మరొక విధంగా ఉన్నది. పాత ఏర్పాటు ప్రకారం తన సైన్యానికి రావలసిన ఆయుధాలు రావడం లేదనీ, ఒప్పందం చేసి దిగ్బంధం విధించారనీ అది వాపోయింది. మందులు, ఉప్పు, పెట్రోలు, తాగునీటిని శుద్ధిచేసే క్లోరిన్ కూడా ఆగిపోయాయని ఆరోపించింది. భారత ప్రభుత్వం 'దిగ్బంధం' అన్న మాటను అంగీకరించలేదు; యుద్ధానికి పనికివచ్చే వస్తువులనే ఆపామన్నది. కాని కేంద్రంలో జారీ అయిన ఉత్తర్వు ఒకటి, సరిహద్దు నాకాలో నిలబడిన ఉద్యోగి చేసే పని మరొకటి. ఆయుధం కాని సరుకు కూడా అనుమానం పేరుతో ఆగిపోవడం ప్రతి ఆంక్షలోనూ జరిగేదే.

ఇక్కడ నాలుగు ద్వారాలనూ ఒకసారి లెక్క చూడాలి. హైదరాబాదులో సింగరేణి బొగ్గు ఉన్నది, బోధను చక్కెర ఉన్నది, షాబాదు సిమెంటు, సిర్పూరు కాగితం ఉన్నాయి. సొంత నాణెం, సొంత తపాలా, సొంత రైల్వే ఉన్నాయి. ఇన్ని ఉన్నా పెట్రోలు చుక్క లేదు, సముద్రపు ఉప్పు గల్లు లేదు, ఆధునిక యుద్ధానికి కావలసిన ఆయుధాలు లేవు. రైలు మార్గాలు ఎన్ని ఉన్నా ప్రతి దారీ చివరకు యూనియన్ భూమిలోనే తేలుతుంది. బెజవాడ వైపు, మన్మాడు వైపు, బల్హర్షా వైపు ఎటు పోయినా అంతే. మన జిల్లా మీదుగా జడ్చర్ల, మహబూబ్‌నగరం, గద్వాల దాటి పోయే చిన్న రైలు కూడా తుంగభద్ర వంతెన దాటగానే కర్నూలులో ఆగవలసిందే. పోర్చుగీసువారి మార్మగోవా రేవును సంపాదించాలన్న ఆలోచనలు సాగాయి కాని ఫలించలేదు. ఫలించినా ఆ రేవుకూ హైదరాబాదుకూ నడుమ ఉన్నది మళ్లీ యూనియన్ భూమే.

1948 జూన్‌లో మౌంట్‌బాటన్ సమక్షంలో సాగిన చివరి రాయబారం విఫలమైంది. ఆయన స్వదేశానికి వెళ్లిపోయాడు. తరువాత కట్టడి మరింత బిగిసింది. విమాన రాకపోకలు ఆగాయి, భారత సెక్యూరిటీల బదిలీ ఆగింది. ఇలా నాలుగు ద్వారాలూ మూతపడ్డాయి.

ఒకే వేసవి, రెండు ఆకాశ మార్గాలు

ఈ సందర్భంలో ఒక పోలిక ఎంతో బోధపరుస్తుంది. అదే 1948 జూన్ 24న రష్యా బెర్లిన్ నగరపు పశ్చిమ భాగాన్ని దిగ్బంధించింది. రోడ్డు, రైలు, కాలువ అన్నీ మూసివేసింది. ఆ నగరం కూడా హైదరాబాదు వలెనే నాలుగు వైపులా చుట్టుముట్టబడినది. కాని అమెరికా, బ్రిటన్ విమానాలు బొగ్గు, పిండి, మందులు మోసి నగరాన్ని నిలబెట్టాయి. దాదాపు 2 లక్షల 77 వేల ప్రయాణాలలో సుమారు 23 లక్షల టన్నుల సరుకు చేరవేశారు. 1949 మే 12న రష్యా దిగ్బంధం ఎత్తివేసింది.

హైదరాబాదుకు కూడా ఒక ఆకాశ మార్గం ఏర్పడింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కొద్దిపాటి లాంకాస్ట్రియన్ విమానాలు సమకూర్చుకొని, డబ్బు తీసుకొని, కరాచీ నుండి రాత్రివేళ బీదరు, వరంగల్లు విమానాశ్రయాలకు ఆయుధాలు చేరవేశాడు. అతడు ధైర్యవంతుడే కావచ్చు. కాని అతడు మిత్రుడు కాదు, కిరాయికి వచ్చినవాడు. బెర్లిన్ వెనుక రెండు మహారాజ్యాల నిశ్చయం ఉన్నది. వాటి స్వప్రయోజనం ఆ నగరంతో ముడిపడి ఉన్నది. హైదరాబాదు వెనుక ఖజానా మాత్రమే ఉన్నది.

పాకిస్తాను మాట ఏమిటని ప్రశ్న రావచ్చు. ఆ దేశం కశ్మీరు యుద్ధంలో చిక్కుకొని ఉన్నది. హైదరాబాదుతో దానికి భూమి సరిహద్దు లేదు, సముద్ర మార్గమూ లేదు. సెప్టెంబరు 11న జిన్నా మరణించాడు. 13న భారత సైన్యం ప్రవేశించింది. సానుభూతి ఎంత ఉన్నా చేరుకోలేని మిత్రుడు యుద్ధంలో మిత్రుడు కాడు.

న్యాయం కోసం పారిసుకు

ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వంలో ప్రతినిధి వర్గం పారిసుకు వెళ్లింది. అందులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ న్యాయం బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా కూడా ఉన్నారు. ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంపై, అనగా యుద్ధంలో, సంధిలో ముస్లిం రాజ్యం ఎలా నడుచుకోవాలన్న శాస్త్రంపై, గ్రంథం రాసిన పండితుడాయన.

సెప్టెంబరు 16న భద్రతా మండలి సమావేశమైంది. ఈ విషయాన్ని చర్చకు తీసుకోవడానికి 8 మంది సభ్యులు అనుకూలంగా ఓటు వేశారు, ముగ్గురు తటస్థంగా ఉన్నారు. హైదరాబాదు అసలు స్వతంత్ర రాజ్యమేనా, ఫిర్యాదు చేసే హక్కు దానికి ఉన్నదా అన్న వాదం సాగింది. మరునాడే, సెప్టెంబరు 17 సాయంకాలం, నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న సేనాపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. 22న ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నట్లు నిజాం తంతి పంపాడు. మండలి ఏ తీర్మానమూ చేయలేదు. న్యాయస్థానం తలుపు తెరుచుకునేసరికి ఫిర్యాది ఇల్లు చేతులు మారింది.

డాక్టర్ హమీదుల్లా తిరిగి రాలేదు. ఏ దేశ పౌరసత్వమూ లేని శరణార్థిగా పారిసులోనే దశాబ్దాలు గడిపి, విద్యా సేవలో జీవించి, 2002లో అమెరికాలో కన్నుమూశారు. ఆ రోజులలోనే లండను బ్యాంకులో పాకిస్తాను హైకమిషనరు పేరిట జమచేసిన నిజాం సొమ్ము, 10 లక్షల పౌండ్ల పైచిలుకు, వివాదంలో చిక్కుకొని అక్కడే ఉండిపోయింది. 2019 అక్టోబరులో బ్రిటిషు హైకోర్టు అది నిజాం వారసులకూ భారతదేశానికీ చెందుతుందని తీర్పు ఇచ్చింది. అప్పటికి అది పెరిగి దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లయింది. యుద్ధకాలంలో పరాయి దేశపు బ్యాంకులో చిక్కిన సొమ్ము విడుదల కావడానికి 71 సంవత్సరాలు పట్టింది!

ఇంట్లో లేని మిత్రుడు

పైవన్నీ బయటి సంధుల మాట. అన్నింటికన్నా ముఖ్యమైన సంధి మరొకటి ఉన్నది. అది పాలకునికీ ప్రజలకూ మధ్య ఉండవలసినది. దాని విషయం దాచకుండా చెప్పుకోవడం మన బాధ్యత.

రాజ్యంలో అత్యధిక సంఖ్యాకులు హిందువులు. తెలుగు జిల్లాలలో రైతులు వెట్టి చాకిరీకి, లెవీ ధాన్యపు వసూళ్లకు విసిగి ఉన్నారు. 1946 నుండి తెలంగాణలో సాయుధ పోరాటం నడుస్తున్నది. స్టేట్ కాంగ్రెసు కార్యకర్తలు కర్నూలు వంటి సరిహద్దు పట్టణాలలో శిబిరాలు పెట్టుకొని ఇవతలి కరోడ్గిరి నాకాలపై దాడులు చేశారు. వారిని అణచే పేరుతో రజాకార్లు గ్రామాలపై పడ్డారు. దోపిడులు, హత్యలు జరిగాయి. దిగ్బంధంలో ఉన్న ప్రభుత్వానికి ప్రజల నమ్మకమే చివరి నిల్వ. దానిని ఖాసిం రజ్వీ అనుచరులు ఖర్చు చేసివేశారు.

ముస్లిములలో దీనిని ఎదిరించినవారు లేకపోలేదు. యూనియన్‌తో రాజీపడాలని, రజాకార్లను రద్దు చేయాలని ఏడుగురు ముస్లిం ప్రముఖులు ప్రకటన చేశారు. 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ తన పత్రికలో అదే వాదన వినిపించాడు. ఆగస్టు 21 రాత్రి ఇంటికి పోతున్న అతనిపై దుండగులు దాడిచేసి చేయి నరికారు. తెల్లవారేసరికి అతడు మరణించాడు. భద్రతా మండలికి న్యాయం కోరుతూ ఫిర్యాదు వెళ్లినది ఆ రోజుననే. బయట న్యాయం అడుగుతున్న రాజ్యంలో లోపల న్యాయం పలికిన నోరు అలా మూతపడింది.

దానికి మూల్యం చెల్లించింది ఎవరు? నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. రజ్వీ జైలు శిక్ష అనుభవించి 1957లో పాకిస్తాను వెళ్లిపోయాడు. రజాకార్లతో ఏ సంబంధమూ లేని వేలాది ముస్లిములు పోలీసు చర్య సమయంలోనూ తరువాతనూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. భారత ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల సంఘం మృతుల సంఖ్యను 27 వేల నుండి 40 వేల మధ్య అంచనా వేసింది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు అందరికన్నా ఎక్కువ నష్టపోయాయి. ఆ నివేదికను చాలాకాలం ప్రచురించలేదు. అదే నివేదిక అనేక చోట్ల హిందువులు తమ ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగును కాపాడారని కూడా పేర్కొన్నది. రాజ్యం చేసుకోలేకపోయిన సంధిని ఆ పొరుగువారు నిలుపుకున్నారు.

షరీయత్ ఏమంటున్నది?

ఇస్లాం చరిత్ర ఆరంభంలోనే ముస్లిములు దిగ్బంధాన్ని చవిచూశారు. దౌత్యం ఏడవ సంవత్సరంలో ఖురైషులు బనూ హాషిం వంశంతో క్రయవిక్రయాలు, వివాహ సంబంధాలు నిషేధిస్తూ పత్రం రాసి కాబాలో వేలాడదీశారు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం), ఆయన వంశీకులు షిఅబె అబీతాలిబ్ లోయలో దాదాపు మూడు సంవత్సరాలు ఆకులలములు తిని బతికారు. ఆకలితో ఏడ్చే పసిబిడ్డల గొంతు లోయ బయటికి వినిపించేది. ఆ దిగ్బంధాన్ని చివరకు తుదముట్టించడానికి ముందుకు వచ్చినవారు ఆనాటికి ముస్లిములు కాని మనసున్న మక్కావాసులే. రాత్రివేళ ఒంటెపై ధాన్యం వేసి లోయలోకి తోలిన హిషాం బిన్ అమ్ర్ వారిలో ఒకడు.

తరువాత కాలం తిరిగింది. యమామా ప్రాంతపు నాయకుడు సుమామా బిన్ ఉసాల్ (రజి) ఇస్లాం స్వీకరించాడు. మక్కాకు ధాన్యం వచ్చేది ఆ ప్రాంతం నుండే. ప్రవక్త (స) అనుమతి లేనిదే గోధుమ గింజ కూడా పంపనని అతడు ఖురైషులతో చెప్పి ఆపివేశాడు. మక్కా ఆకలికి తాళలేక బంధుత్వాన్ని గుర్తు చేస్తూ మదీనాకు మొర పెట్టుకున్నది. తనను మూడేళ్లు పస్తులుంచినవారే వారు; ఇంకా యుద్ధంలో ఉన్నవారే. అయినా ధాన్యం పోనివ్వవలసిందని ప్రవక్త (స) సుమామాకు వర్తమానం పంపారు.

హనఫీ ఫుఖహాలు దీని నుండి ఒక సూత్రం తీశారు. యుద్ధంలో ఉన్న శత్రువుకు ఆయుధాలు, ఆయుధాలకు ఉపకరించే వస్తువులు అమ్మరాదు. ఖియాస్ ప్రకారం ఆహారాన్ని కూడా ఆపవచ్చును గాని, సుమామా ఉదంతం ఉన్నందువల్ల ఆహారం విషయం వేరని 'హిదాయా' గ్రంథకర్త మర్గీనానీ వివరించారు. అనగా ఆయుధానికి ఒక న్యాయం, అన్నానికి మరొక న్యాయం. ఇది ఎనిమిది వందల సంవత్సరాల నాటి గ్రంథంలోని మాట.

ఒప్పందాల విషయంలోనూ షరీయత్ స్పష్టంగా ఉన్నది. సూరా మాయిదా ఆరంభమే ఒప్పందాలను నెరవేర్చాలన్న ఆజ్ఞతో ఉన్నది. ధర్మం విషయంలో సాయం కోరిన సోదరులకైనా, మనకు ఒప్పందం ఉన్న జాతికి వ్యతిరేకంగా తోడ్పడరాదని సూరా అన్‌ఫాల్ నిర్దేశిస్తున్నది. హుదైబియా సంధి ప్రకారం, సంకెళ్లతో పారిపోయి వచ్చిన అబూ జందల్ (రజి) ను ప్రవక్త (స) బరువైన మనసుతో తిప్పి పంపారు. అదే సంధిలో తమ మిత్రులుగా చేరిన ఖుజాఆ తెగపై ఖురైషుల అండతో దాడి జరిగినప్పుడు, ఆ మిత్రుల కోసం మక్కాపైకి కదిలారు. కాగితం మీది మాటకూ, మిత్రుని ప్రాణానికీ ఆయన ఇచ్చిన విలువ అది.

ఈ కొలతతో చూచినప్పుడు 1947-48లో ఇరుపక్షాల నడత ఎక్కడెక్కడ తప్పిందో పాఠకులకే బోధపడుతుంది. ఆయుధాలను ఆపడం ఒకటి. రోగి మందును, తాగునీటి క్లోరిన్‌ను ఆగనివ్వడం మరొకటి. యథాతథ ఒప్పందం అమలులో ఉండగా, అవతలి పక్షం యుద్ధం చేస్తున్న దేశానికి కోట్ల రూపాయల అప్పు ఇవ్వడం కూడా ఒప్పందాన్ని గౌరవించడం కాదు.

తరువాతి ప్రపంచం

ప్రపంచం ఈ పాఠం నేర్చుకున్నదని చెప్పలేము. 1990 ఆగస్టులో కువైట్‌ను ఆక్రమించిన ఇరాకుపై భద్రతా మండలి ఆంక్షలు విధించింది. మందులకు మినహాయింపు కాగితం మీద ఉన్నది. కాని చమురు అమ్ముకోనిదే మందులు కొనడానికి డబ్బు ఎక్కడిది? చమురుకు బదులు ఆహారం అన్న ఏర్పాటు 1996 చివరకు గాని మొదలు కాలేదు. రేషను పంచే అధికారం మాత్రం సద్దాం ప్రభుత్వం చేతిలోనే ఉన్నది. 2003లో దండయాత్ర జరిగేదాకా అతడు గద్దె దిగలేదు. ఆ పదమూడేళ్లూ ఎండిపోయింది ప్రజలు.

బోస్నియాలో మరొక విధం. 1991 సెప్టెంబరులో యుగోస్లావియా అంతటికీ ఆయుధాలు అమ్మరాదని మండలి నిషేధించింది. చూడడానికి అందరికీ సమానమైన నిషేధమే. కాని పాత సైన్యపు ఆయుధాగారాలు సెర్బుల చేతిలో ఉన్నాయి. కొత్తగా స్వతంత్రమైన బోస్నియాకు ఏమీ లేవు. ఇరువురిలో ఒకరి చేతిలో కత్తి ఉండగా, ఇద్దరికీ కత్తులు అమ్మవద్దన్నట్లయింది. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో వేలాది ముస్లిం పురుషులను, బాలురను చంపివేశారు. ఆంక్ష న్యాయమా అన్యాయమా అనేది దాని మాటలలో ఉండదు, అది ఎవరి మీద ఎలా పడుతుందన్న దానిలో ఉంటుంది.

నడిగడ్డ నుండి చూస్తే

1956 వరకు రాయచూరు జిల్లాలో ఉన్న గద్వాల తరువాత మహబూబ్‌నగరం జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరు నుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ వేరువేరు జిల్లా కేంద్రాలు. తుంగభద్ర వంతెన మీద వాహనాలు రాత్రింబవళ్లు నడుస్తున్నాయి. ఉప్పు కోసం ఎవరి అనుమతీ అక్కరలేదు.

అయితే మన ఇండ్లలో పోలీసు చర్య మాట వచ్చినప్పుడు రెండు రకాల మాటలే వినిపిస్తాయి. ఒకరు 'మనలను మోసం చేశారు' అంటారు. మరొకరు ఆ సంగతే ఎత్తవద్దంటారు. రెండింటిలోనూ పిల్లలు నేర్చుకునేది ఏమీ లేదు. వారికి చెప్పవలసినది వేరే ఉన్నది. భయంతో చేసుకున్న సంధి తీరాన్ని పోగొట్టింది. ఊహించుకున్న మిత్రుడు ఆపదలో రాలేదు. పక్కింటివానితో ఉండవలసిన స్నేహాన్ని అధికార మదం తెంచివేసింది. ఈ మూడూ కలిసిన తరువాత నాకా మీది సిపాయి చేసింది కడపటి పని మాత్రమే.

శత్రువు ఆకలిని కూడా ఆయుధంగా వాడుకోని మహనీయుని అనుచరులము మనము. ఎక్కడ ఏ దేశంపై ఆంక్షలు విధించినా, అక్కడి పాలకుడు మనవాడా కాడా అన్నది తరువాత. అన్నం, మందు ఆగాయా లేదా అన్నది ముందు అడగవలసిన ప్రశ్న. ఆ ప్రశ్న అడిగే ధైర్యాన్ని, చేసిన మాటకు కట్టుబడే నిజాయితీని, ఇరుగుపొరుగుతో నిలిచే స్నేహాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.